పూర్వపక్షిని తరిమిన సిద్ధాంతం

శాస్త్రగ్రంథం విప్పిన విద్యార్థికి మొదట ఎదురయ్యేది సిద్ధాంతం కాదు, పూర్వపక్షం. ప్రతిపక్షి మాటను అతడి కంటె బలంగా చెప్పి, అతడికి తోచని యుక్తిని సైతం అతడి పక్షాన చేర్చి, ఆ తరువాతనే ఖండనకు పూనుకోవడం భాష్యకారుల రీతి. 14వ శతాబ్దంలో సర్వదర్శనసంగ్రహం రచించిన మాధవాచార్యులు ఆ గ్రంథాన్ని చార్వాక దర్శనంతో ప్రారంభించారు. వేదాన్ని నిందించినవాడికి, ఈశ్వరుణ్ణి కాదన్నవాడికి, పరలోకాన్ని పరిహసించినవాడికి మొదటి పీట వేశారు. చార్వాకుల స్వీయగ్రంథాలు చాలావరకు లుప్తమయ్యాయి. వారు ఏమన్నారో నేడు తెలుస్తున్నదంటే అది ప్రధానంగా వారిని ఖండించినవారి రచనల వల్లనే. ఆ మతాన్ని పూర్తి న్యాయంతో అందించారా అన్నది పండితులు తేల్చవలసిన వేరొక ప్రశ్న. అందించారు, చెరిపివేయలేదు అన్నంతవరకు సందేహం లేదు.

ఈ సంప్రదాయానికి వారసులమని చెప్పుకొనేవారిలో కొందరు నేడు అంతర్జాలంలో చేస్తున్న పని ఇందుకు పూర్తిగా విపరీతం. ఒక విద్యార్థిని స్మృతిగ్రంథంలోని ఒక శ్లోకంపై సందేహం వెలిబుచ్చుతుంది. ఆమెకు ప్రత్యుత్తరంగా ఆ శ్లోకానికి వ్యాఖ్యానం రాదు, ప్రకరణం ఏమిటో చెప్పేవాడు రాడు. ఆమె ఛాయాచిత్రం వస్తుంది, ఆమె కులం వస్తుంది, ఆమె తండ్రి ఫోన్ నంబరు వస్తుంది. ఆమె ఉద్యోగం చేసే సంస్థకు ఫిర్యాదులు వెళతాయి. రాత్రి గడిచేలోపు వందలమంది అపరిచితులు ఆమె శరీరాన్ని గురించి రాయకూడనివి రాస్తారు. ఉదయానికి ఆమె తన ప్రశ్నను తొలగిస్తుంది. వెంటనే "ధర్మం జయించింది" అనే ప్రకటన వెలువడుతుంది, దాని పక్కన కాషాయధ్వజం గుర్తు, జోడించిన చేతుల గుర్తు.

ఇక్కడ ఏ ధర్మం జయించింది? ఏ ప్రమాణంతో జయించింది? ఒక ప్రశ్న అదృశ్యమైనంత మాత్రాన దానికి సమాధానం లభించినట్లు కాదు. తర్కశాస్త్ర దృష్టితో చూస్తే జరిగింది విజయానికి వ్యతిరేకం. గౌతముని న్యాయసూత్రాలు వాదంలో పరాజయాన్ని సూచించే నిగ్రహస్థానాలను 22గా పరిగణించాయి. ప్రకృతాన్ని విడిచి సంబంధం లేని విషయాన్ని తెచ్చేవాడికి అర్థాంతరమనే నిగ్రహస్థానం. ఉత్తరం స్ఫురించక నిలిచిపోయినవాడికి అప్రతిభ. శ్లోకార్థాన్ని అడిగినవారి ముందు వారి కులాన్ని ప్రస్తావించినవాడు ఒకే వాక్యంతో ఈ రెండింటిలోనూ పడిపోయాడు. పూర్వపు సభలో మధ్యస్థులు అక్కడే వాదాన్ని ఆపి అతడు ఓడినట్లు ప్రకటించేవారు. ఈనాటి సభకు మధ్యస్థులు లేరు. ఉన్నది జనసంఖ్య మాత్రమే.

గౌతముడు కథను మూడు విధాలుగా విభజించాడు. తత్త్వనిర్ణయం కోసం ప్రమాణతర్కాలతో సాగేది వాదం. విజయేచ్ఛతో ఛలం, జాతి, నిగ్రహస్థానాలను కూడా ప్రయోగించేది జల్పం. స్వపక్షాన్ని స్థాపించకుండా పరపక్షాన్ని కూల్చడమే పనిగా పెట్టుకొన్నది వితండ. తెలుగులో "వితండవాదం" అనే మాట తిట్టుగా స్థిరపడింది కాబట్టి నేటి దూషణలను కూడా అందరూ ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఇది వితండకు అన్యాయం. వైతండికుడు కూడా ఎదుటివాడి హేతువును విని, అందులోని దోషాన్ని చూపవలసిందే. బెదిరింపులో హేతువు లేదు, దృష్టాంతం లేదు, ఉపనయం లేదు. అది కథ అనే జాతికే చెందదు.

కొంత చదువుకొన్న దూషకులు ఇక్కడ ఒక ఆక్షేపం తెస్తారు. మొలకలను కాపాడడానికి ముళ్ళకంచె వేసినట్లు తత్త్వనిశ్చయాన్ని కాపాడుకోవడానికి జల్పవితండలు ఉపయోగపడతాయని న్యాయసూత్రమే అంగీకరించింది కదా, దుష్టుల పట్ల మృదుభాష ఎందుకు అని వారి ప్రశ్న. ఉపమానం ఉన్న మాట సత్యం. అయితే దానిని పూర్తిగా పరిశీలించాలి. కంచె మొలక చుట్టూ ఉంటుంది, నిలిచినచోటనే నిలుస్తుంది. దారిన పోయేవాడి వెంట పరుగెత్తి, వాడి ఇంటిలో దూరి, వాడి బిడ్డల పేర్లు వీధిలో చాటే ముళ్ళకంచెను ఏ రైతూ ఎరుగడు. పైగా సూత్రకారుడు అనుమతించిన ముళ్ళు జల్పవితండలే; వాటి సామగ్రి ఛలజాతుల వరకే. ప్రాణభయం, మానభంగం, జీవనోపాధి నాశనం ఆ జాబితాలో ఎక్కడా లేవు. అదే ప్రకరణంలో వాదం ఎవరితో చేయాలో కూడా చెప్పబడింది: శిష్యుడు, గురువు, సహాధ్యాయి, శ్రేయస్సును కోరే విజ్ఞుడు, వీరందరిలోనూ అసూయ లేనివారు. ముళ్ళకంచెను కంఠస్థం చేసినవారు ఈ అనసూయ అనే నియమాన్ని ఎందుకు మరిచారో వారే చెప్పాలి.

ఛలం మాట వచ్చింది కాబట్టి మరొక్క విషయం. వాక్ఛలానికి శాస్త్రం ఇచ్చే ప్రసిద్ధ ఉదాహరణ నవకంబళం. ఒకడు కొత్త కంబళి కలవాడన్న అర్థంలో నవకంబళుడని అంటే, ప్రతివాది నవశబ్దానికి తొమ్మిది అనే అర్థం పట్టుకొని "వీడికి తొమ్మిది కంబళ్ళు ఎక్కడివి, ఒక్కటే ఉంది" అని నవ్విస్తాడు. రెండు గంటల ప్రవచనం నుండి ఇరవై క్షణాలు కత్తిరించి, పూర్వపక్షంగా అన్న మాటను వక్త అభిప్రాయంగా ప్రచారం చేసే నేటి విద్యకు ఇది తాతగారు. ఈ విద్యకు బలి అయినవారిలో నాస్తికులే కాక పీఠాధిపతులు, పౌరాణికులు కూడా ఉన్నారన్నది గమనార్హం. ఆయుధానికి సంప్రదాయభేదం తెలియదు.

నిజానికి దూషణకు గురవుతున్నవారిలో బయటివారి కంటె లోపలివారే అధికమేమో అనిపిస్తుంది. అద్వైతి విశిష్టాద్వైతిని, విశిష్టాద్వైతి మాధ్వుణ్ణి, శైవుడు వైష్ణవుణ్ణి, తిలకధారణ దగ్గర నుండి ఆచార్యుల జన్మవృత్తాంతం వరకు పట్టుకొని తూలనాడుతున్నారు. ఈ వైరం కొత్తది కాదు. కానీ పూర్వులు దానిని ఎలా నడిపారో చూడవలసి ఉంది. విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయల గౌరవాన్ని పొందిన వ్యాసతీర్థులు న్యాయామృతం రచించి, అద్వైతంలోని ప్రపంచమిథ్యాత్వ నిరూపణను ఒక్కొక్క లక్షణంగా విడదీసి ఖండించారు. అద్వైతులకు అంతటి ప్రమాదం ఎన్నడూ రాలేదని చెప్పవచ్చు. ఉత్తరదేశంలో మధుసూదన సరస్వతులు ఆ గ్రంథాన్ని వాక్యం వెంట వాక్యంగా ముందు పెట్టుకొని అద్వైతసిద్ధి రచించారు. దానికి ప్రతిగా వ్యాసరామాచార్యులు తరంగిణి రాశారు. ప్రతిపక్షి మతాన్ని లోతుగా తెలుసుకోవడానికి రామాచార్యులు మధుసూదనుల వద్దనే శిష్యుడిగా చేరి చదివారని ఐతిహ్యం. తరంగిణిని బ్రహ్మానంద సరస్వతులు లఘుచంద్రికలో ఎదుర్కొన్నారు. ఈ పరంపర అంతటిలోనూ కటువైన మాటలు ఉన్నాయి, ఎత్తిపొడుపులు ఉన్నాయి, పాండిత్యగర్వం కూడా ఉంది. అయినా ప్రతి గ్రంథమూ తన పూర్వగ్రంథాన్ని పూర్తిగా చదివిన తరువాతనే పుట్టింది. వ్యాసతీర్థులను ఎవరైనా భయపెట్టి మౌనం వహింపజేసి ఉంటే అద్వైతసిద్ధి ఉండేది కాదు. నేటికీ వేదాంతవిద్యార్థి అద్వైతసిద్ధిని చదవాలంటే పక్కన న్యాయామృతం ఉండవలసిందే.

ఇక బయటివారి విమర్శ. తెలుగునాట శ్రీరాముని చుట్టూ రేగిన వివాదాలు అందుకు తగిన నిదర్శనం. విశ్వనాథ సత్యనారాయణ గారి రామాయణ కల్పవృక్షానికి 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. కొన్ని సంవత్సరాలకే రంగనాయకమ్మ గారు ఆ పేరును పరిహసిస్తూ రామాయణ విషవృక్షం రాశారు. అందులోని నిర్ణయాలు భక్తులకు అంగీకారయోగ్యం కావు; చాలాచోట్ల కావ్యాన్ని కావ్యంగా చదవడానికే ఆమె నిరాకరించారని సహృదయులు ఆక్షేపించారు, ఖండన వ్యాసాలు వచ్చాయి. గ్రంథం ముద్రణలు పొందుతూనే ఉంది. అర్ధశతాబ్దం గడిచింది. భద్రాచల సీతారామ కల్యాణానికి జనం తగ్గారా? తలంబ్రాలకు చేతులు చాచేవారు తగ్గారా? విగ్రహారాధనను ఎద్దేవా చేసిన వేమన ప్రతిమ హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై నిలిచి ఉంది, దానికి ఎదురుగా నెక్లెస్ రోడ్డు మీదుగా గణనాథులు నిమజ్జనానికి వెళుతూనే ఉన్నారు.

2018లో జరిగినది ఇందుకు భిన్నం. ఒక దూరదర్శన చర్చలో సినీవిమర్శకుడు కత్తి మహేష్ శ్రీరాముణ్ణి గురించి చేసిన వ్యాఖ్యలు భక్తులకు మనస్తాపం కలిగించాయి. కలగడం సహజం. వ్యాఖ్యలో అవిజ్ఞత ఉంది, అగౌరవం ఉంది. ఆ జులైలో హైదరాబాదు పోలీసులు ఆయనను ఆరు నెలల పాటు నగరం నుండి బహిష్కరించారు. కొద్దిరోజులలోనే, నిరసన యాత్ర తలపెట్టిన పరిపూర్ణానంద స్వామిని కూడా అదే విధంగా ఆరు నెలలు బహిష్కరించారు. ఒకరిని పంపినప్పుడు హర్షించినవారు రెండవవారిని పంపినప్పుడు స్వేచ్ఛ, స్వేచ్ఛ అని ఆక్రోశించారు. మొదటి పక్షంవారు సరిగ్గా తారుమారుగా ప్రవర్తించారు. రామకథను గురించి లేచిన ప్రశ్న మాత్రం ఆ రెండు ఉత్తర్వుల తరువాత కూడా ఎక్కడున్నది అక్కడే ఉంది. 2021లో రహదారి ప్రమాదంలో గాయపడిన మహేష్ జులైలో మరణించినప్పుడు, ఆ మృత్యువును దైవశిక్షగా కీర్తిస్తూ, నవ్వుతూ రాతలు వెల్లువెత్తాయి. రామనామం రాసిన వేళ్ళతోనే అవి రాయబడ్డాయి.

వాటిని రాసినవారు వాల్మీకిని ఎన్నడైనా చదివారా? కిష్కింధాకాండలో, శరాఘాతంతో నేలకూలిన వాలి రాముణ్ణి నిలదీస్తాడు. చాటున ఉండి కొట్టావని, ధర్మమనే ముసుగు వేసుకొన్న అధర్మపరుడవని, నీతో వైరం లేనివాణ్ణి చంపి సజ్జనుల సభలో ఏమని చెప్పుకొంటావని అడుగుతాడు. రామాయణం మొత్తంలో రాముడి ముఖం మీద ఇంతటి పరుషవాక్యాలు పలికినవారు అరుదు. ఆదికవి ఆ అభియోగాన్ని ఒక్క మాటలో దాటవేయలేదు; దానికి ఒక సర్గ కేటాయించాడు. పలికినవాడు చావుబతుకుల్లో ఉన్న శత్రువు. రాముడు మౌనంగా వెళ్ళిపోయి ఉండవచ్చు, మరొక బాణం వేసి ఉండవచ్చు, లక్ష్మణుడికో సుగ్రీవుడికో కనుసైగ చేసి ఉండవచ్చు. అలా చేయలేదు. పూర్తిగా విన్నాడు. తరువాత సర్గ నిండా సమాధానం చెప్పాడు: భరతుని పాలనలో ఉన్న భూమి, తమ్ముని భార్య విషయంలో వాలి చేసిన అపరాధం, సుగ్రీవునికి ఇచ్చిన మాట, మృగయాధర్మం. ఈ చివరి యుక్తిని సమర్థించడానికి వ్యాఖ్యాతలు చాలా శ్రమపడ్డారు, పడుతూనే ఉన్నారు. సమాధానం అందరినీ తృప్తిపరచిందా లేదా అన్నది అప్రస్తుతం. వాలి తృప్తిపడ్డాడు, తన పరుషవాక్యాలను క్షమించమన్నాడు, అంగదుణ్ణి రాముడికే అప్పగించాడు. సాక్షాత్తు రాముడు నిందకు ఉత్తరం ఇవ్వవలసినదేనని భావిస్తే, రామభక్తుడు నిందకుని ఇంటి చిరునామా కోసం వెతకడం ఏ భక్తిశాస్త్రంలో ఉంది?

ఇక్కడ భాగవతం నుండి ప్రమాణం చూపేవారున్నారు. నాల్గవ స్కంధంలో దక్షయజ్ఞ ఘట్టంలో, ఈశ్వరనింద వినబడినచోట చెవులు మూసుకొని వెళ్ళిపోవాలని, శక్తి ఉంటే ఆ నాలుకను ఛేదించాలని, ఆపై ప్రాణాలు విడవాలని సతీదేవి అంటుంది. దూషకులు ఈ మూడింటిలో మధ్యదానిని మాత్రమే పట్టుకొన్నారు. మొదటిది అతిసులభం, ఈ కాలంలో అందుకు చెవులు మూసుకోనక్కరలేదు, బొటనవేలితో తెర పక్కకు జరిపితే చాలు. మూడవదానికి ఎవరూ సిద్ధపడరు, పడకూడదు కూడా. సతీదేవి స్వయంగా ఎంచుకొన్నది నిందకుని నాలుకను కాదు, ఆత్మత్యాగాన్ని. ఆ కథ వీరభద్రుని విధ్వంసంతో ముగియదు. బ్రహ్మాదులు కైలాసానికి వెళ్ళి ప్రార్థిస్తే శివుడు ప్రసన్నుడవుతాడు, మేకతలతో దక్షుణ్ణి బ్రతికిస్తాడు, యజ్ఞం పూర్తి అవుతుంది. నిందకుడు మళ్ళీ అదే యజ్ఞశాలలో, అదే ఆసనం మీద కూర్చున్నాడు.

శిశుపాలుడి సంగతి ఏమిటంటారు. రాజసూయసభలో అతడు కృష్ణుణ్ణి, భీష్ముణ్ణి నోటికి వచ్చినట్లు తిట్టినప్పుడు భీమసేనుడు కోపంతో లేచాడు. అతడిని పట్టి ఆపినవాడు భీష్ముడే. తనను తిట్టినవాడి మీదికి తన మనుమడు ఉరకబోతే అడ్డుకొన్నాడు. శిక్ష భగవంతుడి చేతిలో ఉంది, నూరు అపరాధాలు సహించిన తరువాత పడింది. సుదర్శనం కృష్ణుని వేలిని విడిచి సభాసదుల చేతికి రాలేదు.

తిట్టడం తగదని అంగీకరించే సౌమ్యులలో కూడా చాలామంది మరొక మార్గం సూచిస్తారు: చట్టం ఉంది కదా, నిందకులను జైలుకు పంపాలి. ఈ కోరిక చరిత్రను ఎరుగనిది. భారత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షన్ 1927లో వచ్చింది. లాహోరులో ఇస్లాం ప్రవక్తను గురించి వెలువడిన ఒక కరపత్రం, దాని ప్రచురణకర్తను న్యాయస్థానం విడుదల చేయడం, ఆపై చెలరేగిన ఆందోళన అందుకు కారణాలు. ఆ ప్రచురణకర్త 1929లో హత్యకు గురయ్యాడు. అంటే ఆ సెక్షన్ ఏర్పడినది హిందూ ప్రచురణకర్త చేతిని పట్టుకోవడానికి. 1944లో సింధ్ ప్రభుత్వం దయానంద సరస్వతుల సత్యార్థప్రకాశంలోని 14వ సముల్లాసాన్ని నిషేధించింది. అదే గ్రంథం 11వ సముల్లాసంలో దయానందులు విగ్రహారాధనను, పురాణాలను, తీర్థాలను నిర్దాక్షిణ్యంగా ఖండించారు. మనోభావాల గాయమే కొలమానమైతే సనాతనులు ఆ అధ్యాయాన్ని ఏనాడో నిషేధింపజేయవలసింది. వారు ఆ పని చేయక శాస్త్రార్థాలకు కూర్చున్నారు. 1869లో కాశీపండితులు ఆయనతో బహిరంగంగా వాదించారు. నిజాం రాజ్యంలో 1938-39లో ఆర్యసమాజం మతస్వేచ్ఛ కోసం సత్యాగ్రహం చేసినప్పుడు తెలుగు సత్యాగ్రహులు చెరసాలలకు వెళ్ళారు. ఆ మనుమలు నేడు ఎదుటివాడి నోరు మూయించే సెక్షన్ ఏదని న్యాయవాదులను అడుగుతున్నారు. 2024 జులై 1 నుండి ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 299వదిగా కొనసాగుతున్నది. అది కూడా బుద్ధిపూర్వకమైన, ద్వేషపూరితమైన ఉద్దేశాన్ని కోరుతుందే కాని వినేవాడు నొచ్చుకొంటే చాలు అనదు.

దీనికి మరొక కొస ఉంది. దూషకుడు కూడా రాజ్యాంగాన్నే శరణు వేడతాడు: "మహేష్‌కు ఉన్న వాక్స్వాతంత్ర్యం మాకు లేదా?" తప్పక ఉంది, ఎంతవరకు అన్నదే ప్రశ్న. 2015 మార్చి 24న సర్వోన్నత న్యాయస్థానం శ్రేయా సింఘాల్ కేసులో సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది. తీర్పు వెలువరించిన ధర్మాసనంలో కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు, జస్టిస్ నారిమన్ గారు ఉన్నారు. చర్చ, పక్షసమర్థన, రెచ్చగొట్టడం అని వాక్కును వారు మూడుగా వేరుచేశారు. మొదటి రెండూ ఎంత అప్రియమైనా ప్రభుత్వం వాటి జోలికి పోరాదు. మూడవ దశకు చేరినప్పుడే చట్టానికి ప్రవేశం. కథాత్రయం చదివిన విద్యార్థికి ఈ విభాగం అపరిచితంగా తోచదు. ఇక చంపుతామన్న బెదిరింపు, స్త్రీని వెంటాడి వేధించడం ఆ మూడింటిలో దేనిలోనూ చేరవు. న్యాయ సంహితలోని 351, 78 సెక్షన్లు వాటిని నేరాలుగానే చూస్తాయి. "నీ దేవుడు లేడు" అనడం అభిప్రాయం. "నీ కూతురు చదివే బడి మాకు తెలుసు" అనడం అభిప్రాయం కాదు. రెండవ మాటకు ఎదుటివాడు ఇవ్వగలిగిన ప్రత్యుత్తరం ఏదీ లేదు, ఎందుకంటే అది ప్రత్యుత్తరాన్ని కోరి పలికినది కాదు.

స్త్రీల విషయంలో ఈ వ్యాధి మరింత వికృతరూపం దాల్చింది. పురుషుడు ప్రశ్నిస్తే అతడి చదువును తిడతారు. స్త్రీ ప్రశ్నిస్తే ఆమె శీలాన్ని. ఇందుకు కూడా మహాభారతంలో ఒక పూర్వరంగం ఉంది, అది ప్రవచనాలలో ఎందుకో అరుదుగా వినబడుతుంది. శాంతిపర్వంలో, మోక్షధర్మంలో, సులభ అనే సన్న్యాసిని మిథిలాధిపతి జనకుని పరీక్షించడానికి వస్తుంది. తాను ముక్తుణ్ణని ప్రకటించుకొన్న ఆ రాజు ఆమె యోగశక్తికి ఎదురు నిలవలేక వ్యక్తిగత నిందకు దిగుతాడు. నీవు ఎవరిదానవు, నీ కులమేమిటి, ఈ వయసులో ఈ రూపంతో సన్న్యాసమా, నీకు భర్త ఉన్నాడా అని నిండుసభలో అడుగుతాడు. ఈనాటి దూషణసామగ్రి అంతా అక్కడే ఉంది. సులభ చలించలేదు. ముందుగా వాక్యం అంటే ఏమిటో, అందులో ఏ గుణాలు ఉండాలో, ఏ దోషాలు ఉండరాదో రాజుకు బోధించింది. కామం వల్ల గాని క్రోధం వల్ల గాని భయం వల్ల గాని దర్పం వల్ల గాని తాను మాట్లాడబోవడం లేదని ముందే చెప్పింది. ఆ తరువాత, ముక్తుడైనవాడికి "నీవు ఎవరిదానవు" అనే భేదబుద్ధి ఎక్కడ నుండి వచ్చిందని అడిగింది. జనకుడు మరి మాట్లాడలేకపోయాడు. అంపశయ్య మీద నుండి భీష్ముడు ధర్మరాజుకు ఈ కథను చెప్పినప్పుడు రాజు పరువు కోసం దానిని దాచలేదు. బృహదారణ్యకంలో గార్గి కూడా అంతే. అతిప్రశ్న వేస్తే తల తెగిపడుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించిన తరువాత ఆమె కొంతసేపు ఊరకుండి, అదే సభలో మళ్ళీ లేచి, మరి రెండు ప్రశ్నలు సంధించింది. ఆమెను కూర్చోమని అన్నవారు లేరు. అక్షరబ్రహ్మ నిరూపణ ఆ రెండు ప్రశ్నలకు వచ్చిన సమాధానమే.

విమర్శకుల పక్షం నిర్దోషమని దీని భావం కాదు. సీతామాతను గురించి రోత రాతలు రాసి దానిని హేతువాదమని పిలుచుకొనేవారున్నారు. అర్చకుని పిలకను, జంధ్యాన్ని, అతడి ఇంటి ఆడవారిని వికృతచిత్రాలుగా గీసి పంచేవారున్నారు. మర్యాదగా ఖండన రాసినవారిని కూడా "వేధిస్తున్నారు" అని ఆరోపించి తప్పించుకొనేవారు ఇంకా ఎక్కువ. ఖండన వేధింపు కాదు. నలుగురు విడివిడిగా ఖండించినా కాదు. అది ఆ పక్షంవారు నేర్చుకోవలసిన పాఠం, వారికి చెప్పేవారు వారిలోనే ఉండాలి. వారి దోషం భక్తుల దోషానికి పరిహారం మాత్రం కాదు. 2022 జూన్‌లో ఉదయ్‌పూర్‌లో, ప్రవక్తను గురించిన వ్యాఖ్యలను సమర్థించాడన్న కారణంతో ఒక దర్జీని అతడి దుకాణంలోనే నరికి చంపినప్పుడు హిందూసమాజం ఆగ్రహించింది. మాటకు ప్రతిగా కత్తి ఎత్తరాదన్న సూత్రంతోనే ఆ ఆగ్రహం న్యాయమైంది. ఆ సూత్రాన్ని అప్పుడు ఉచ్చరించి, మరునాడు ఒక నాస్తికుడికి నరుకుతామని సందేశం పంపినవాడు ఆ దర్జీకి సాక్షిగా నిలిచే అర్హతను పోగొట్టుకొన్నాడు.

గీత 17వ అధ్యాయం వాఙ్మయ తపస్సును వివరించేటప్పుడు మొదట పేర్కొనే గుణం, ఎదుటివారికి ఉద్వేగం కలిగించకపోవడం. దానిని చూపి విమర్శకుల నోరు కట్టాలనేవారు ఆ ప్రకరణాన్ని తలకిందులుగా చదివారు. అది తపస్సు. సాధకుడు తనకు తానుగా చేసుకొనేది. పక్కవాడి చేత బలవంతంగా ఉపవాసం చేయించి ఏకాదశీవ్రత ఫలం ఆశించడం ఎటువంటిదో ఇదీ అటువంటిది.

దూషకుల కంటె ఈ విషయంలో ఎక్కువ జవాబుదారీ ఉన్నవారు మరొకరున్నారు. లక్షలమంది వినే ప్రవాచకులు, పీఠాల ప్రతినిధులు, ఆలయధర్మాలను గురించి ప్రతిదినం బోధించే పండితులు. వీరిలో చాలామంది స్వయంగా ఎవరినీ పరుషంగా ఒక మాట అనరు. కానీ తమ చిత్రాన్ని ముఖచిత్రంగా పెట్టుకొని, తమ పేరును జయధ్వానంగా వాడుకొంటూ ఇతరులను బెదిరించే శిష్యగణాన్ని చూసీ చూడనట్లు ఉంటున్నారు. అనుచరుల సంఖ్య తగ్గుతుందన్న భయం కావచ్చు, లేక ఆ మూక తమకు కూడా ఒక కోటగా పనికివస్తుందన్న లెక్క కావచ్చు. మండనమిశ్రునితో శంకరుల వాదానికి మండనుని భార్య ఉభయభారతిని మధ్యస్థురాలిగా నియమించినట్లు మాధవీయ శంకరవిజయం చెబుతుంది. ఇద్దరి మెడలోనూ ఆమె పూలమాలలు వేసింది. ఎవరి మాల వాడితే వారు ఓడినట్లు. వాడినది భర్త మాల. ఆమె దానిని దాచలేదు, మార్చలేదు.

ఆ ప్రవాచకులు చేయవలసినది పెద్ద కార్యమేమీ కాదు. మాఘమాస ప్రవచనమైనా, కార్తీక ప్రవచనమైనా, ఒక సాయంకాలం ఫలశ్రుతికి ముందు రెండు నిమిషాలు తీసుకొని, ఆ వారంలో తమ పేరిట వేధింపుకు గురైన వ్యక్తిని ప్రస్తావించి, ఆ ప్రశ్నకు తమకు తెలిసిన సమాధానం చెప్పి, బెదిరించినవారు తమ శిష్యులు కారని అదే వేదిక నుండి ప్రకటించాలి. ఆ ప్రకటనను కత్తిరించకుండా మొత్తంగా తమ సొంత ఛానెల్‌లోనే ఉంచాలి.